గోడ మీది బొమ్మ

నా బిడ్డ కొమురమ్మ సంఘానికి పాటలు కట్టేది. ముందు బొమ్మ గీసి రంగులద్దితేనే దానికి మాట వచ్చేది.

గూడూరు అడవిలో దళంలో చేరాక ఒక పాట పంపింది. అక్షరాలు పోలీసుల కంటపడతాయని కాగితం పొయ్యిలో వేశాను. అంచున గీసిన బొమ్మను మాత్రం ముందే గోడ మీద ఎర్రమట్టి జాజుతో దించుకున్నాను: గుట్ట, వాగు, ఒడ్డున రెండు తాటిచెట్లు.

మర్నాడు నైజాం జమేదారు ఇల్లంతా వెతికి గోడ ముందు ఆగాడు.

"బొమ్మ మంచిగున్నదవ్వా. ఎవరిది?"

"నా బిడ్డది, చూసి నేను దించిన. అది కండ్లతోని చూడంది ఒక్క గీత గూడ గియ్యదు," అన్నాను గొప్పగా.

మూడోనాడు బిడ్డ శవాన్ని బండిలో తెచ్చి వాకిట్లో దించారు.

జమేదారు గోడ వైపు చూసి నవ్వాడు.

"ఒక్కటి తప్పు గీసినవవ్వా. తాటిచెట్లు రెండు గాదు, మూడున్నయి."