పదకొండు మీటర్ల లోతు

"సిలిండర్ వద్దు," అంది నవీన. "పరీక్ష చేయించి ఆరేండ్లు దాటింది. మెడ మీద తారీఖు ఉన్నది, చూడుండ్రి."

అతీక్ వంగి చూశాడు. నిజమే. అమ్మేవాడు తనైనా, లోపం పట్టుకున్నది కొనడానికొచ్చిన అమ్మాయి.

అతీక్ పద్నాలుగేళ్లు అండమాన్‌లో టూరిస్టులకు సముద్రంలో డైవింగ్ నేర్పాడు. చెవి దెబ్బతిన్నాక కరీంనగర్ తిరిగొచ్చి ఏసీలు బాగుచేసే షాపు పెట్టుకున్నాడు. పాత సామాను అమ్ముతానని నెట్‌లో ఫొటోలు పెడితే, మూడు నెలలకు వచ్చిన మొదటి మనిషి ఈ నవీన. సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో పీఈటీ టీచర్.

ఆమె గాలి పీల్చే రెగ్యులేటర్‌ను నోట్లో పెట్టుకుని చూసింది. గొట్టాలను వంచి పగుళ్లున్నాయేమో వెతికింది. డైవింగ్ జాకెట్‌లో గాలి నింపమంది.

"గిట్లనే ఉంచుండ్రి. రేపొస్త. గాలి దిగకపోతెనే తీస్కుంట."

మర్నాడు వచ్చి జాకెట్‌ను వేలితో నొక్కింది. బిర్రుగానే ఉంది.

"షోకుకా బేటీ? గోవా పోతున్నవా?" అడిగాడు అతీక్.

"గోవా కాదు భాయ్. ఈడనే, ప్రాజెక్టుల."

"ప్రాజెక్టులనా! గా బురద నీళ్లల్ల నీ చెయ్యి నీకే కనవడది."

"తెలుసు."

అతీక్ రెండు డైవ్ కంప్యూటర్లు బల్ల మీద పెట్టాడు. చేతికి కట్టుకునే గడియారాల్లా ఉంటాయవి. ఎంత లోతులో ఉన్నదీ, ఎంతసేపు ఉండవచ్చో చెబుతాయి. తొందరపడి పైకొస్తుంటే కూత పెడతాయి. ఒకటి కొత్తది, రంగుల తెరది. రెండోది నల్లగా, లావుగా ఉంది.

"రంగులది తీస్కో. ఫోన్‌కు గూడ కలుస్తది."

"ఫోన్ నాకెందుకు? దేంట్ల అంకెలు పెద్దగున్నయి?"

"నల్లదాంట్ల."

"బ్యాటరీ నేను మార్చుకోవచ్చా?"

"వచ్చు. రబ్బర్ రింగు గూడ మార్చాలె, లేకుంటె నీళ్లు పోతయి."

"గయితె గిదే."

అతీక్ ఇక ఉండబట్టలేకపోయాడు. "నిజం చెప్పు బేటీ. ప్రాజెక్టుల ఎవలన్న మునిగిన్రా?"

నవీన నల్లదాని పట్టీ చేతికి బిగించి చూసుకుంది. "మునిగింది. ఏడేండ్లాయె."

"అక్కనా?"

తల అడ్డంగా ఊపింది.

"అవ్వనా?"

"అవ్వ కంటె పెద్దది. బాపు, నేను ఇద్దరం దాని నీడల్నే పెరిగినం."

అతీక్ గొంతు తగ్గింది. "పోలీసులకు చెప్పలేదా?"

"ఆఫీసులన్ని తిరిగినం. అసలు ఉన్నదే కాదంటరు. కాయితం మీద రాసి, సంతకం పెట్టి మరీ ఇచ్చిండ్రు. గట్టిగ అడిగితె నవ్వుతరు."

"యా అల్లా! ఏడేండ్లు నీళ్లల్ల ఉంటె ఏం మిగులుతది? చూసి తట్టుకోలేవు. వద్దు బేటీ."

"మీరు ఆపినా పోత, భాయ్. మీరు నేర్పితె బతికొస్త."

అతీక్ నేర్పాడు. నెల రోజులు స్విమ్మింగ్ పూల్‌లో. తర్వాత నీళ్లు నిండిన పాత గ్రానైట్ క్వారీ గుంతలో. అక్కడ మొదటిసారి మాస్కులోకి నీళ్లు రాగానే నవీన బెదిరి ఒక్కసారిగా పైకి వచ్చేసింది. చేతికున్న కంప్యూటర్ కీచుమంటూనే ఉంది.

"గట్ల వస్తె ఊపిరితిత్తులు పగులుతయి!" అరిచాడు అతీక్. "ఇయాల్టికి చాలు. ఇంటికి పో."

"చాలదు," అంది దగ్గుతూనే. మళ్లీ దిగింది. ఆ రోజు మాస్కులోకి తనే నీళ్లు నింపుకుని, తనే వదిలి, ఆరుసార్లు చేసింది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున, చేపలు పట్టే అంజన్న పడవలో నలుగురు బయల్దేరారు. నాలుగో మనిషి నవీన తండ్రి పర్శరాములు. మరమగ్గాల మీద పనిచేసి చెవులు మందగించిన మనిషి. దారి ఆయనే చూపించాడు. నీళ్ల మధ్యలో ఒక చోట చెయ్యెత్తి ఆపమన్నాడు. అంజన్న తాడుకు రాయి కట్టి కొలిచాడు. పదకొండు మీటర్లు.

కిరాయికి తెచ్చిన సిలిండర్ వీపున వేసుకుని, తలకు కెమెరా, లైటు బిగించి, నడుముకు తాడు కట్టుకుని నవీన దిగింది. తాడు రెండో కొస అతీక్ చేతిలో ఉంది. ఒకసారి లాగితే బాగున్నట్టు. మూడుసార్లు లాగితే పైకొస్తున్నట్టు.

పన్నెండు నిమిషాలకు తాడు కదలడం ఆగిపోయింది. అతీక్ లాగి చూశాడు. జవాబు లేదు. మళ్లీ లాగాడు. పడవ అంచు మీదికి వంగి నీళ్లలోకి చూశాడు.

"లోపటికి పోయినట్టున్నది," గొణిగాడు పర్శరాములు.

అప్పుడు తాడు మూడుసార్లు కదిలింది.

నవీన నెమ్మదిగా వచ్చింది. మధ్యలో మూడు నిమిషాలు ఆగి మరీ వచ్చింది. పడవ ఎక్కకముందే, పిడికిట్లో ఉన్న బురదముద్దను తండ్రి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తువ్వాలతో తుడిచాడు. రొమ్ముకు ఆనించుకుని, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అతీక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఒడ్డుకు చేరాక, ఆమె తలకు కట్టిన కెమెరాలో వీడియో చూశాడు. వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు.

"రేపు ఆఫీసుకు నేను గూడ వస్త," అన్నాడు చివరికి.

సోమవారం ముగ్గురూ ఆఫీసులో నిలబడ్డారు. కుర్చీలోని అధికారి విసుగ్గా తలెత్తాడు.

"మళ్లొచ్చిన్రా? రికార్డుల లేనిది లేనట్టే అని ఎన్నిసార్లు చెప్పాలె? పోండి."

నవీన పోలేదు. తువ్వాల విప్పి, తుప్పుపట్టిన నీలం రేకును ఆయన ఫైళ్ల మీద పెట్టింది.

"మునిగిన ఊళ్లె మీకు ఇల్లే లేదు, పరిహారం రాదని రాసిచ్చిండ్రు గదా సార్, గిది మా ఇంటి గోడకెళ్లి పీక్కొచ్చిన నంబరు."