జాబితాలో లేని బంకమట్టి

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ల గూళ్లే. ఏ గూటికి ఏం కావాలో జాబితా రాసిచ్చే పెద్ద గిజిగాడు ఒకాయన ఉండేవాడు. కట్టేటప్పుడు కావలసినవి గడ్డిపోచలు, ఈతాకు చీలికలు, బంకమట్టి అని రాశాడు. కట్టాక ఉండవలసినవి గడ్డిపోచలు, ఈతాకు చీలికలు. అంతే.

కొత్తగా కాపురానికొచ్చిన ఆడపిట్టకి శుభ్రం ఎక్కువ. గూడు పూర్తవగానే జాబితా చూసుకుని, రెండో భాగంలో లేని మట్టినంతా ముక్కుతో పెకలించి పారేసింది. గుడ్లు పెట్టిన మర్నాడే గాలి లేచింది. బరువు లేని గూడు గిరగిరా తిరిగి, మూడు గుడ్లలో రెండు వాగులో పడ్డాయి.

"మా గూడు ఏనాడూ ఊగలేదమ్మా," అన్నాడు పెద్దాయన. "నీకు చదవడం రాకపోతే నన్నేం చేయమంటావు?"

"చదవడం వచ్చే గుడ్లు పోగొట్టుకున్నాను బావగారూ. మీ గూట్లో మట్టి తీసేశారా?"

"నేనెందుకు తీస్తాను? అది ఎప్పట్నుంచో ఉంది."

"అయితే ఇవాళ తీసేసి అందులో కూర్చోండి. మీరు పడకపోతే నా మూడో గుడ్డు కూడా మీ జాబితాకే వదిలేస్తాను."

పెద్దాయన పడమటి మబ్బుల వైపు చూశాడు. "పాత గూడు, కదిలించకూడదు," అన్నాడు.

సాయంత్రానికి రెండో భాగంలో బంకమట్టి చేరింది. పక్కనే ఆయన చిన్న మాట కూడా రాశాడు: "ఇది అందరికీ తెలిసిందే. తెలియనివాళ్ల కోసం చేర్చడమైనది."

అప్పటికే మూడో గుడ్డు కోసం ఆవిడ ముక్కు నిండా మట్టి ఉంది. లేకపోతే జవాబు చెప్పేదే.