కంటికి ఆనని వెలుగు

ల్యాబ్‌లో ఒంటరిగా పనిచేస్తుండగా చేతిలోని అద్దం జారి, లేజర్ కిరణం ఎటో మళ్లింది. హేవన్ రెండు చేతులతో కళ్లు మూసుకుంది.

ఆ వెలుగు కంటికి ఆనదు. రెప్పపాటులో కోటానుకోట్ల వంతు సేపు వెలిగి ఆరిపోతుంది. స్ఫటికం లోపల అణువుల కదలిక పట్టిచ్చేది అదే. కంట్లో పడితే చూపు కాల్చేసేదీ అదే.

ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ క్వాక్ ఆమెను టాక్సీలో కంటి ఆసుపత్రికి పంపి, వెనకే వస్తానన్నారు.

నర్సు చుక్కల మందు వేయగానే లోకమంతా అలుక్కుపోయింది. పక్క కుర్చీలో ఎవరో ఆడమనిషి ఉన్నట్టు మాత్రం తెలిసింది.

"ఏమైంది అమ్మాయ్?" అంటూ ఆమె బార్లీ టీ కప్పు అందించింది.

ఆ మెత్తని గొంతుకి హేవన్ మనసులోదంతా కక్కేసింది. కిరణాన్ని పట్టిచూపే కార్డు మీద దాని చుక్క సరిగ్గా కనబడటంలేదని రక్షణ కళ్లద్దాలు తీసేసిన సంగతి కూడా.

"ఎవరూ లోపలికి రాకుండా గది బయట ఎర్రదీపం వేశావా?" అడిగింది ఆమె.

"లేదు పిన్నిగారూ. ఒక్కదాన్నేగా అనుకున్నా. సార్‌తో మాత్రం వేశాననే చెప్పా. తెలిస్తే వెళ్లగొడతారు. ల్యాబ్‌లో చోటు పోతే పోయింది, కళ్లే పోతే అమ్మకి ఏమని చెప్పను?"

ఆమె హేవన్ చేతిలోంచి కప్పు తీసి పక్కన పెట్టింది. తర్వాత హేవన్ చెయ్యి పట్టుకుంది.

"ఏడవకు. ఏడిస్తే మందంతా కారిపోతుంది."

ఇంతలో నర్సు పక్కనున్న ఆవిడను రమ్మంది. ముందు ఈ పిల్లను చూడమనండి, భయంతో చచ్చిపోతోంది అంటూ ఆమె తన వంతు వదులుకుంది.

పరీక్షలన్నీ అయ్యేసరికి మధ్యాహ్నమైంది. కళ్లు నిక్షేపంగా ఉన్నాయని డాక్టరు నవ్వాడు. ఆ మాట ముందు ఆమెకే చెప్పాలని హేవన్ తడుముకుంటూ బయటికి వచ్చింది.

కుర్చీ ఖాళీగా ఉంది. ఎదురుగా ప్రొఫెసర్ నిలబడి ఉన్నారు.

"ఇక్కడ కూర్చున్నావిడ ఏరి సార్?"

"సియోల్ ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎడమకంటికి చూపు ఇక రాదంటున్నారు."

హేవన్ ఆ ఖాళీ కుర్చీని చేత్తో తడిమింది.

"మనకి స్ఫటికాలు పెంచి పంపేది ఆవిడే," అన్నారాయన నీరసంగా. "కొత్తవి ఇద్దామని వచ్చి, సరిగ్గా నీ అద్దం జారినప్పుడే మన ల్యాబ్ తలుపు తీసిందట, ఎడమకన్ను ఉన్నట్టుండి మసకేసిందట. చెప్పకుండా లోపలికి రావడం తనదే తప్పని, నిన్ను ఒక్క మాట కూడా అనొద్దని నా దగ్గర మాట తీసుకుని మరీ వెళ్లింది."