లాటుగా ఇవ్వబడవు

అలమార ఖాళీగా ఉంది. గుమాస్తా దాని ముందే చతికిలబడి ఫోన్‌లో బొమ్మలు వెతుకుతున్నాడు. తిండి లేదు, గడ్డం గీసుకోలేదు. ఆఫీసుకు జ్వరమని అబద్ధం చెప్పాడు.

తప్పంతా అతనిదే. భార్య పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి పింగాణీ బొమ్మలు కొంటుంది. కడిగి, అతికించి, ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. అమ్మడానికి మనసొప్పనివి మాత్రం ఈ అలమారలో దాచుకుంది. ఈ మహానుభావుడు ఆవిడ ఇంట్లో లేనప్పుడు చూసి, అలమారలోవన్నీ గంపగుత్తగా ఓ దుకాణానికి అమ్మేశాడు. కొత్త టీవీకి చోటు కావాలట! పైగా మంచి బేరం చేశానని మురిసిపోయాడు కూడా.

ఆవిడ వచ్చింది. అలమార చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది. పల్లెత్తు మాట అనకుండా సంచీ సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయింది. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తదు.

చివరికి వదిన ఎత్తింది. "చూడండి మరిదిగారూ, అది ఏడ్చి ఏడ్చి ఇప్పుడే కాస్త కుదుటపడింది. మీ పేరెత్తితే మళ్ళీ మొదలు. ముందు ఆ బొమ్మల సంగతేదో చూడండి" అని పెట్టేసింది.

దుకాణానికి పరిగెత్తాడు.

"అయ్యో, అవెప్పుడో పోయాయండీ!" అన్నాడు దుకాణదారు. "నేను లేనప్పుడు మా ఆవిడ మొత్తం ఎవరికో ఇచ్చేసింది. ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్ళే అయ్యుంటారు. అక్కడ చూడండి."

వెతగ్గా వెతగ్గా దొరికాయి. పోయిన ప్రాణం లేచొచ్చింది. అవే! గొడుగు పట్టుకున్న బాతు, కునుకు తీస్తున్న కాపలావాడు, ఒంటిచెవి కుందేలు. అమ్మేవారి పేరు 'పాత బంగారం'. కింద ఒకే ఒక్క ముక్క ఉంది: 'విడివిడిగా మాత్రమే. లాటుగా ఇవ్వబడవు.'

"అన్నీ నాకే కావాలి. ఎంతైనా ఇస్తాను" అని మెసేజ్ పెట్టాడు.

జవాబు వెంటనే వచ్చింది. "చదవడం రాదా? లాటు లేదు."

"మీకు దండం పెడతానండీ. నా కాపురం వీటి మీదే ఆధారపడి ఉంది."

"అలాగా! అయితే ఒక్కోదాని గురించి చెప్పండి. ఏది తెలిస్తే అది ఇస్తాను. లాటుగా చూసేవాళ్ళకి నేను అమ్మను."

ఇదేం బేరం! గుమాస్తాకు చెమటలు పట్టాయి. ఇన్నేళ్ళూ ఆ అలమార ముందు నుంచి తిరిగాడే గానీ ఏనాడైనా ఆగి చూస్తేగా?

"బాతుని మా ఆవిడ జోరువానలో తెచ్చింది. గొడుగు దానికి పట్టి తను తడిసింది. నేను నవ్వాను."

"కాపలావాడు?"

"నాలాగే నోరు తెరుచుకుని నిద్రపోతాడని కొంది."

"కుందేలు?"

తెలియదు. ఎంత బుర్ర గోక్కున్నా గుర్తు రాలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. కళ్ళు తుడుచుకుని ఉన్నదున్నట్టు రాసేశాడు. "తెలియదండీ. తను చెప్పే ఉంటుంది. నేనే వినలేదు."

అయిపోయింది, చేతులారా చెడగొట్టుకున్నాను అనుకున్నాడు. ఆవిడ లేని ఇంట్లో ఎలా ఉండాలో తలచుకుంటేనే భయం వేసింది.

అప్పుడు మెసేజ్ వచ్చింది. "సరే. లాటుగానే తీసుకోండి."

ఎగిరి గంతేయబోయి ఆగిపోయాడు. ఫొటోలన్నీ మళ్ళీ చూశాడు. ఒకటి తక్కువైంది. అదీ ఏది? పొద్దున లేవగానే ఆవిడ అన్నిటికంటే ముందు తుడిచేది! అది లేకుండా ఏ మొహం పెట్టుకుని వదిన ఇంటికి వెళ్ళడం?

"ఏమండీ, ముక్కు విరిగిన కుక్క ఒకటి ఉండాలి. దాన్ని ఎవరికైనా అమ్మేశారా? మీకు పుణ్యముంటుంది, నిజం చెప్పండి!"

"మేనేజరు అమ్మకానికి లేడు."

గుమాస్తా ఆ మాటను మళ్ళీ మళ్ళీ చదివాడు.

అచ్చం గుమాస్తా పైఅధికారి మొహమేనని ఆ కుక్కకు మేనేజరని పేరు పెట్టింది అతని భార్యే, ఆఫీసులో తెలిస్తే ఉద్యోగం ఊడుతుందని ఆ పేరును వాళ్ళిద్దరూ ఎన్నడూ ఇంటి గడప దాటనివ్వలేదు.