వంటింట్లో ఎరువు

జనవరి ఆరో తేదీ ఉదయం ఏడుంబావుకి ఇంటి యజమాని శ్రీరామమూర్తి కింది వాటా తలుపు కొట్టి, నెలాఖరుకల్లా ఇల్లు ఖాళీ చేయమన్నాడు.

"ఏమైంది సార్?" అంది ఎలీశమ్మ. ఆమె మోచేతుల దాకా ఎరువు అంటుకుని ఉంది.

"ఏమైందో నీ చేతులే చెబుతున్నాయి. వాసనమ్మా. మాంసం కుళ్ళిన వాసన. వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. నావల్ల కావడం లేదు."

ఎలీశమ్మ నాగోల్‌లో ఒక నర్సరీలో పని చేస్తుంది. ఆమె భర్త దేవానందం లిఫ్టు మెకానిక్. దిల్‌సుఖ్‌నగర్ వెనక ఉన్న ఈ ఇంట్లో ఆరేళ్ళుగా కిరాయికి ఉంటున్నారు. కూతురు జోస్నా ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. మార్చిలో పరీక్షలు. కాలేజీ ఇంటి నుంచి పది నిమిషాల నడక.

ఎరువు చేయడం ఎలీశమ్మ నర్సరీలో నేర్చుకుంది. రెండు పెయింటు బకెట్లకు చిల్లులు పెట్టి, కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, కొబ్బరి పొట్టు పొరలుగా వేసి, పైన గరిటెడు పుల్ల మజ్జిగ చల్లేది. దీపావళి దాకా బకెట్లు డాబా మీదే ఉన్నాయి. చలి ముదిరాక అందులో వేడి పుట్టడం మానేసింది. అప్పుడు వాటిని వంటింట్లోకి తెచ్చి, ఫ్రిజ్ వెనక పెట్టి, గోనెసంచి చుట్టింది. మూడు రోజులకోసారి చేయి పెట్టి తిరగేసేది. చేతికి వెచ్చగా తగిలితే మాగుతున్నట్టు. ఒక విడతకు మూడు కిలోలు వచ్చేది. అందులో సగం శ్రీరామమూర్తి భార్య అమ్మాజీ గులాబీ కుండీలకు పోయేది.

"మాంసం ముక్క గూడ ఎయ్యను సార్. ఉల్లిగడ్డ పొట్టు, ఆకులు, చాయ్‌పత్త. గంతే. జర మీరే చూడుండ్రి." ఎలీశమ్మ బకెట్ తెచ్చి గోనెసంచి తీసింది. శ్రీరామమూర్తి తువ్వాలుతో ముక్కు మూసుకున్నాడు.

అమ్మాజీ మెట్లు దిగి వచ్చి బకెట్ మీదికి వంగింది. "మట్టి వాసనే కదండీ," అంది.

"నీకు జలుబు," అన్నాడు శ్రీరామమూర్తి.

సాయంత్రం దేవానందం విని నవ్వాడు. "ఎరువూ కాదు, పాడూ కాదు. మొన్న ఇద్దరొచ్చి పైనా కిందా గదులు కొలిచిపోయిండ్రా లేదా? కోచింగ్ పిల్లలకు హాస్టల్ పెడ్తరట. పొమ్మననీకి ఏదో సాకు కావాలె."

"మాంసం కుళ్ళిన వాసనంట," అంది జోస్నా. "ఆరేండ్ల సంది ఆదివారం ఆదివారం వండుతనే ఉన్నం. గిప్పుడు యాదికొచ్చిందా?"

మర్నాడు ఎలీశమ్మ రెండు బకెట్లూ ఆటోలో వేసుకుని నర్సరీకి పోయి, సగం మాగిన ఎరువును అక్కడి కుప్పలో కలిపేసింది. తిరిగొచ్చి వంటిల్లు ఫినాయిల్‌తో రెండుసార్లు కడిగింది. పైకి పోయి అమ్మాజీకి చెప్పింది. "ఇగ ఉండనిస్తరా అమ్మా? పిల్ల పరీక్షలైనంక మేమే చూసుకుంటం."

"నేను చెబుతాలే," అంది అమ్మాజీ.

పదో తేదీన శ్రీరామమూర్తి మళ్ళీ వచ్చాడు. సింకు కింద చూశాడు. ఫ్రిజ్ జరిపి చూశాడు. మంచం కిందికి వంగి చూశాడు.

"ఎక్కడ దాచారు?"

"దాచనీకి ఏముంది సార్? ఇల్లంత మీ ముంగటనే ఉంది," అంది ఎలీశమ్మ.

"మరి ఇంత కంపు..." అని ఆగిపోయాడు. కళ్ళు గోడ మీద నిలిచాయి. పెదవులు ఏదో నములుతున్నట్టు కదిలాయి. అర నిమిషం అలాగే ఉండిపోయాడు.

"సార్‌కు డైలాగ్ దొర్కుతలేదు," అంది జోస్నా తల్లి చెవిలో.

శ్రీరామమూర్తి మొహం తుడుచుకున్నాడు. "ఇదిగో, మళ్ళీ వచ్చింది," అన్నాడు.

దేవానందం లేచి నిలబడ్డాడు. "హాస్టల్‌కిస్తున్న అని చెప్పుండ్రి సార్. మేమే పోతం. మా ఇంట్ల కంపని మాత్రం అనకుండ్రి."

"హాస్టలేంటయ్యా? నాకు అన్నం సయించడం లేదు. ఆరేళ్ళలో మిమ్మల్ని ఎప్పుడన్నా ఒక్క మాటన్నానా?"

"గందుకే సార్. గిప్పుడెందుకంటున్నరో మాకు సమజైంది."

ఆ తర్వాత మూడు వారాలు ఎలీశమ్మ, దేవానందం చుట్టుపక్కల కాలనీల్లో ఇళ్ళు చూశారు. రెండు చోట్ల అడ్వాన్సు ఎక్కువ. రెండు చోట్ల పేర్లు అడిగి, ఇల్లు వేరేవాళ్ళకు మాటిచ్చేశామన్నారు. చివరికి అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక గది దొరికింది.

జనవరి ముప్పై ఒకటిన ట్రాలీ ఆటోలో సామాను ఎక్కించారు. గేటు దగ్గర శ్రీరామమూర్తి తాళంచెవులు తీసుకున్నాడు. అమ్మాజీ డాబా మీదే ఉంది.

"గిప్పుడన్న మీ ఇంట్ల వాసన పోవాలె సార్," అంది ఎలీశమ్మ.

అతను గేటు మూశాడు.

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి కాలేజీకి రెండు బస్సులు. జోస్నా పొద్దున ఆరింటికి బయల్దేరేది. మొదటి వారంలోనే రెండు ప్రీఫైనల్ పరీక్షలకు ఆలస్యంగా చేరింది. ఒకదానికి లోపలికి రానివ్వలేదు. ఎలీశమ్మ బకెట్లు నర్సరీలోనే వదిలేసింది.

ఫిబ్రవరి తొమ్మిదిన పదకొండు గంటలకు అమ్మాజీ ఫోన్ చేసింది.

"హాస్టలోళ్ళు దిగిండ్రా అమ్మా?" అంది ఎలీశమ్మ.

"ఎవరూ దిగలేదు. వాళ్ళు గదులు కొలిచిన రోజే కుదరదని చెప్పేశారు ఆయన. మీ వాటా ఖాళీగానే ఉంది. కడిగించాం, రంగులు వేయించాం."

"మరి వాసన పోయిందా?"

"పోలేదమ్మా. నేనిప్పుడు ఎల్‌బీనగర్‌లో ఆసుపత్రి నుంచే మాట్లాడుతున్నాను. మొన్న ఆయన పడిపోయారు. నిన్న స్కాన్ తీశారు. ఆ వాసన ఎప్పటి నుంచి వస్తోందని డాక్టరు గారు అడుగుతున్నారు. మీ తలుపు కొట్టింది ఏ తేదీనో నీకు గుర్తుందా?"

"ఆరో తారీఖు. మర్చిపోతనా?" ఎలీశమ్మ గొంతు పెరిగింది. "ఇగ సార్ జబ్బు గూడ మా ఎరువు మీదనే పెడ్తరా అమ్మా?"

"కాదమ్మా," అంది అమ్మాజీ. పక్కనున్న ఎవరికో తేదీ చెప్పి, మళ్ళీ ఫోన్లోకి వచ్చి, స్కాన్‌లో ఏముందో చెప్పింది.

శ్రీరామమూర్తి మెదడులో, వాసన తెలిసే చోట, లేని కంపును పుట్టించే గడ్డ ఉంది.