పొగగొట్టంలో ఉత్తరం

బెల్లు మోగింది. పిరోష్కా చేతిలోని ఉత్తరాన్ని చటుక్కున కవరులో దోపింది.

"ఎవరే అక్కా?"

"ష్! అరవకు." ఎటెల్కా పిల్లిలా వెళ్ళి తలుపు కంతలోంచి చూసి, పాలిపోయిన ముఖంతో వెనక్కి వచ్చింది. "ఎవడో మగాడు. నెత్తి నుంచి కాళ్ళ దాకా నల్లబట్టలే!"

అది 1951 వేసవిలో ఓ గురువారం. బుడా కోట గుట్ట మీద బెల్లు మోగితే చాలు, జనానికి పైప్రాణాలు పైనే పోయేవి. మొన్ననే పోలీసులు పైవాటా ముసలి దంపతుల్ని తెల్లారకముందే లారీ ఎక్కించారు. ఎందుకని అడిగిన మగాడు లేడు. ఇక్కడ చూస్తే, ప్రభుత్వానికి దొరక్కుండా సరిహద్దు దాటి వియన్నాకు పారిపోయిన తమ్ముడు యెనో రాసిన ఉత్తరం! దొరికితే ఇద్దరికీ జైలే. అక్కకి చూపించాలని పిరోష్కా దాన్ని గసగసాల రొట్టెల అడుగున దాచి, నది దాటి, గుట్టెక్కి తెచ్చింది.

"నేను ఉత్తరం తెస్తున్నట్టు ఎవరికైనా చెప్పావా?"

"నాకేం పిచ్చా? మీ బావకి తప్ప పురుక్కి కూడా తెలీదు."

మళ్ళీ బెల్లు. ఈసారి పొడుగ్గా.

"మింగెయ్యవే!"

"నాలుగు కాగితాలు! నీ మొహం, ఎట్లా మింగను?"

ఎటెల్కా ఉత్తరం లాక్కుంది. గది వెచ్చబరిచే పొయ్యి రాజేసి నెలలైంది. గోడలో పొగగొట్టానికున్న చిన్న ఇనప తలుపు తెరిచి, లోపలికి కుక్కి మూసేసింది. తర్వాత వెళ్ళి గడియ తీసింది.

"దండాలమ్మా! పొగగొట్టం ఊడ్చాలి."

భుజాన నిచ్చెన, చేతిలో చీపురు, ఒళ్ళంతా మసి. అక్కచెల్లెళ్ళిద్దరూ చటుక్కున జాకెట్టు గుండీలు పట్టుకున్నారు. పొగగొట్టాలవాడు ఎదురైతే గుండీ పట్టుకోవాలి, అదృష్టం. పిరోష్కాకి నవ్వాగలేదు.

అతను నేరుగా ఇనప తలుపు దగ్గరికే నడిచాడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"మీరు... ఏటా సెప్టెంబరులో కదా వస్తారు!" అంది ఎటెల్కా.

"ఈసారి ముందే పంపారమ్మా. ఏం, రాకూడదా?"

చెయ్యి లోపల పెట్టాడు. ఉత్తరం బయటికి తీశాడు. స్టాంపు చూశాడు. వాళ్ళ ముఖాలు చూశాడు. ఎటెల్కా కుర్చీలో కూలబడింది.

"ఈ గుట్ట మీద ఏ పొగగొట్టం చూసినా ఇదే వరస తల్లీ," అన్నాడతను మెల్లగా. "నేనేమీ చూళ్ళేదు. ఇదిగో, మీదే ఇంకోటి కూడా ఉంది." ఉత్తరంతోపాటు, పొగగొట్టంలోంచే తీసిన ఒక చిన్న నోటుబుక్కు కూడా బల్ల మీద పెట్టి, నిచ్చెన తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

"ఇదేంటక్కా?"

"నాకేం తెలుసు? నేను పెట్టలేదే!"

పిరోష్కా నోటుబుక్కు తెరిచింది. గుండ్రటి అక్షరాలు, బావవే. ప్రతి పేజీలో తేదీలు, ఇంటికొచ్చినవాళ్ళ పేర్లు, పైన 'నకలు' అని. పక్కన చర్చి గంట నాలుగు కొడుతుండగా చివరి పేజీ తిప్పింది.

'గురువారం. మరదలు పిరోష్కా ఉత్తరం తెస్తోంది. సరిగ్గా నాలుగింటికి రండి. నేను ఇంట్లో ఉండను.'