కొమ్ములయ్యకి కొడుకు పుట్టినాడు

తొలిచూలు బొల్లి గొర్రె ఈనిందో లేదో, దొడ్డి అదిరేలా ఉరికొచ్చినాడు పొట్టేలు కొమ్ములయ్య. "చూడండ్రా నా కొడుకుని! పుడతానే మబ్బుని పొడిచినాడు!" అంటా తడిపిల్లని మెడకేసి తెగ రుద్దినాడు.

బొల్లి పిల్లని వాసన చూసి కుమ్మి తోసేసింది. "నాది కాదు పో! పొట్టేలు కంపు కొడతాంది!"

పిల్ల పాలకోసం వణికిపోతాంది. కొమ్ములయ్య మందలోని ముసలి మేక దగ్గరికి ఉరికినాడు.

"జున్నుపాలు పడకుంటే సచ్చిపోతాది మొనగాడా! ఉమ్మనీరు పడినచోట పిల్లని దొర్లించు, నీ కంపు పోయి తల్లి వాసన పడతాది!" అనింది ముసలి మేక.

కొమ్ములయ్య మోకాళ్లమీద పడి, మూతితో తోసి తోసి ఆ బురదలో పిల్లని దొర్లించినాడు. బొల్లి మళ్లీ వాసన చూసింది. "వచ్చినావా నా బంగారం!" అని పాలిచ్చింది. మందంతా గంతులే గంతులు!

కొమ్ములయ్య రొమ్ము విరిచి నిలబడబోయినాడు. మొహమంతా ఉమ్మనీరే. బొల్లి ఆయన్నీ వాసన చూసి, చెవులు నాకతా, "కదలొద్దు చిన్నోడా, అన్న తాగినాక నీకిస్తా" అనింది.